అమ్మ క్యాలెండర్‌లో గ్యాస్ తారీఖులు

గ్యాస్ ధర పెరిగిందని టీవీలో చెప్పిన రోజు మా అమ్మ ఏమీ మాట్లాడదు. మర్నాడు పొద్దున దొడ్డిలోకి పోయి, గోడకు ఆనించి పెట్టిన కంది కట్టె ఎంత మిగిలిందో చూసుకుని వస్తుంది. ధర పెరిగిందంటే ఆమెకు మొదట గుర్తొచ్చేది అదే. నాకు మాత్రం ఆ కట్టెలు చూస్తే గుబులు పుడుతుంది. వాటి నుంచి బయటపడడానికి మా ఇంట్లో ఆడవాళ్లకు ఎంతకాలం పట్టిందో దగ్గరుండి చూసినదాన్ని.

మాది నల్లగొండ జిల్లా దేవరకొండ దగ్గర ఒక పల్లె. ఎర్ర చెల్కలు, వానను నమ్ముకున్న సేద్యం. నా చిన్నప్పుడు ఆముదాలు, జొన్న, కంది వేసేవాళ్లు. బావి ఉన్నవాళ్లకు కొంచెం వరి. పత్తి ఇంకా అంతగా రాలేదు. ఏడాది పొడుగునా పొయ్యిలోకి ఏం పోవాలో ఆ చెల్కలే చెప్పేవి. సంక్రాంతి అటూ ఇటూగా కంది కొట్టాక కంది కట్టె వచ్చేది. ఆముదాలు అయిపోయాక ఆముదపు కట్టె. జొన్న కోసిన చేలో మిగిలిన కొయ్యలు పీకి, మట్టి దులిపి, ఎండబెట్టి తెచ్చేవాళ్లం. ఎండకాలం పిడకలు. ఏ కట్టె ఎట్లా మండుతుందో ఆడపిల్లలందరికీ తెలుసు. కంది కట్టె భగ్గున అంటుకుంటుంది, అంతే తొందరగా అయిపోతుంది. పొయ్యి రాజేయడానికి మంచిదే, పప్పు ఉడకాలంటే మాత్రం పక్కనే కూర్చుని ఎగదోస్తూ ఉండాలి. ఆముదపు కట్టె బోలుగా ఉంటుంది, నిప్పు నిలవదు. నిప్పు నిలవాలంటే తుమ్మ కావాలి. తుమ్మ మొద్దు ఒకటి పెడితే అన్నం దిగిన తర్వాత కూడా బొగ్గులు చాలాసేపు ఎర్రగా ఉంటాయి. వాటి మీదే పాలు కాగేవి. రాత్రి బూడిద కప్పి పెడితే పొద్దున ఒక్కసారి ఊదితే చాలు, అగ్గిపుల్ల గీయాల్సిన పని ఉండేది కాదు.

ఆ తుమ్మ కోసమే అసలు కష్టమంతా. చెరువు శిఖంలో, వాగు ఒడ్డున సర్కారు తుమ్మ విరగబడి పెరిగేది. బడి లేని రోజు అమ్మ, పక్కింటి అత్త, ఇంకా ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు కలిసి బయల్దేరితే నేనూ వెంట పోయేదాన్ని. అమ్మ చేతిలో గొడ్డలి, అత్త చేతిలో కొడవలి, నా చేతిలో తాడు. సర్కారు తుమ్మ ముల్లు స్లిప్పర్ చెప్పును తోసుకుని పైకి వస్తుంది. లోపలే విరిగిందంటే ఆ రాత్రి పిన్నీసుతో తోడి, జిల్లేడు పాలు పెట్టి, మర్నాడు మళ్లీ కూలికి పోయేవాళ్లు. గుట్ట మీద ఇంకా మంచి కట్టె ఉండేది. కానీ ఫారెస్టోళ్లు వస్తే గొడ్డళ్లు గుంజుకుపోతారని భయం. గొడ్డలి పోతే మళ్లీ కొనాలంటే కొన్ని రోజుల కూలి.

మోపు ఎత్తుకునే తీరు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. కొట్టిన కంపను ముళ్లు లోపలికి పోయేలా సర్ది, కాలితో తొక్కి, తాడు బిగించి ముడేసేవాళ్లు. తల మీద సుట్టబట్ట. ఒకరికొకరు ఎత్తుకుంటూ పోతే చివరికి ఒకామె మిగులుతుంది, ఆమెకు ఎత్తేవాళ్లు ఉండరు. ఆమె మోపును గట్టుకు నిలబెట్టి, దాని ముందు మోకాళ్ల మీద కూర్చుని, తల ఆనించి, రెండు చేతులతో తాడు పట్టుకుని, ఆ బరువుతోనే పైకి లేవాలి. మా అమ్మ ఎప్పుడూ చివరనే ఎత్తుకునేది. మిగతావాళ్లు ఎత్తుకుని ముందుకు సాగాక, ఒక్కతే గట్టు దగ్గర. మొన్నామధ్య మోకాళ్లలో గుజ్జు అరిగిపోయిందని డాక్టరు ఎక్స్‌రే చూపిస్తూ చెబుతుంటే నాకు ఆ గట్టే గుర్తొచ్చింది.

"పల్లెటూళ్లలో గ్యాస్ ధర పెరిగితే ఏముంది, కట్టెలు ఊరికే దొరుకుతాయి కదా" అని నాతోనే అన్నవాళ్లున్నారు. బాగా చదువుకున్నవాళ్లే. ఊరికే దొరికింది ఏదీ లేదు. ఆ కట్టెల ఖరీదు మా అమ్మ మోకాళ్లలో ఉంది, మా నాయినమ్మ కళ్లలో ఉంది. ఎవరూ లెక్క రాయలేదు, అంతే.

నాయినమ్మ సంగతి చెప్పాలి. ఆమె బతుకంతా పొయ్యి ముందే గడిచింది. వానాకాలం వస్తే మా ఇంట్లో వంట ఒక యుద్ధం. సాయబానులో ఎంత జాగ్రత్తగా పేర్చినా జల్లు కొట్టి కట్టె చెమ్మ పట్టేది. తడి కట్టె మండదు, పొగుస్తుంది. ఆమె ఊదుగొట్టం పట్టుకుని ఊదీ ఊదీ దగ్గు తెరలు తెరలుగా వచ్చి పక్కకు ఒరిగేది. కాసేపాగి మళ్లీ ఊదేది. మాది గూన పెంకుల ఇల్లు, పొగ పోవడానికి పెంకుల సందులే దారి. దూలాలు, వాసాలు నల్లగా నిగనిగలాడుతుండేవి. నాయినమ్మకు దమ్ము వచ్చింది, కళ్ల నుంచి ఎప్పుడూ నీళ్లు కారేవి. పొగకు దూరంగా ఉండమని దేవరకొండలో డాక్టరు చెప్పాడు. ఎంత దూరం ఉంటుంది? ఆ ఇంట్లో పొయ్యికి, మంచానికి మధ్య నాలుగడుగులు.

పొయ్యి అంటుకోకపోతే చివరి దిక్కు గాసునూనె. కంట్రోలు దుకాణంలో కార్డు మీద ఇచ్చే నీలి కిరోసిన్. అది వచ్చిందని తెలిస్తే చాలు, డబ్బాలు వరస కట్టేవి. మనుషులు నిలబడేవాళ్లు కాదు, డబ్బాలే లైన్లో ఉండేవి, మనుషులు చెట్టు కింద కూర్చునేవాళ్లు. దుకాణాయన లీటరు కొలతతో ముంచి గరాటులో పోసేటప్పుడు నురగ ఆగకముందే ఎత్తేస్తాడని ఆడవాళ్లు గొడవ పెట్టుకునేవాళ్లు. ఆ నూనెతోనే బుడ్డి దీపం, లాంతరు, పొయ్యి రాజేయడం, ఎవరైనా చుట్టాలు వస్తే బత్తీల స్టవ్ మీద చాయ్. నెలకు వచ్చే ఆ కొంచెం నూనెను అమ్మ సీసాలకు పోసి దాచేది.

1990లో ఇరాక్ కువైట్ మీదికి పోయిన రోజులు నాకు లీలగా గుర్తున్నాయి. నాయిన రేడియో చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. ఎక్కడో ఎడారిలో యుద్ధమైతే మా ఊళ్లో దీపం తొందరగా ఎందుకు ఆర్పేయాలో నాకు అర్థమయ్యేది కాదు. "నూనె అటు నుంచే రావాలె బిడ్డా" అనేవాడు నాయిన. ఇప్పటికీ అంతే. మన దేశం వాడే వంటగ్యాస్‌లో సగానికి పైగా బయటి నుంచే వస్తుంది, అందులో ఎక్కువ భాగం గల్ఫ్ దేశాలదే. సౌదీ అరామ్‌కో నెలనెలా ప్రకటించే ధర, డాలర్‌కు రూపాయి విలువ, ఓడ కిరాయి, వీటన్నిటి లెక్క కలిసి దేవరకొండ గోదాములోని సిలిండర్ మీద పడుతుంది. అటు సముద్రంలో ఉద్రిక్తత అని వార్త వచ్చిందంటే నాకు నాయిన రేడియో గుర్తొచ్చి టెన్షన్ మొదలవుతుంది.

కట్టె లేని వంట నేను మొదట చూసింది మిర్యాలగూడలో, మా చిన్నమ్మ వాళ్లింట్లో. అక్కడ రైస్ మిల్లులు లెక్కలేనన్ని. చిన్నాయన మిల్లులో హమాలీ పని చేసేవాడు. మిల్లుల వెనక ఊక గుట్టలు గుట్టలుగా పడి ఉండేది, ఎవరు తీసుకుపోయినా అడిగేవాళ్లు కాదు. చిన్నమ్మ వంటంతా ఊక పొయ్యి మీదే. అదొక రేకు డబ్బా, కింద పక్కన ఒక చిల్లు. మధ్యలో నిలువుగా ఒక సీసా, చిల్లులోంచి అడ్డంగా ఒక గుండ్రటి కట్టె ముక్క పెట్టి, చుట్టూ ఊక పోసి పిడికిలితో గట్టిగా దిమ్మిసె కొట్టినట్టు అదిమేది. సరిగా అదమకపోతే మంట మధ్యలో కూలిపోతుంది. నిండాక సీసాను మెల్లగా తిప్పుతూ పైకి తీసేది, తర్వాత కట్టె ముక్కను పక్కకు లాగేది. లోపల ఎల్ అక్షరంలా ఒక సొరంగం మిగిలేది. కింది చిల్లులో కాగితం ముక్క వెలిగించి పెడితే మంట పైకి ఎగబాకి, ఒక్కసారి నింపితే పూట వంటంతా అయ్యేదాకా నిలకడగా మండేది. ఊదే పని లేదు. సీసా తీసే పని నాకిమ్మని నేను ఏడ్చేదాన్ని.

ఆ ఊకకు కూడా తర్వాత ధర వచ్చింది. బాయిలర్లకు, ఇటుక బట్టీలకు, ఊకతో కరెంటు చేసే ప్లాంట్లకు లారీల కొద్దీ కొనడం మొదలుపెట్టారు. మిల్లుల వాళ్లకు అది ఆదాయం, తప్పు పట్టడానికి లేదు. కానీ చిన్నమ్మ లాంటి వాళ్లకు ఊక దొరకడం ఆగిపోయింది. పేదల పొయ్యిలోకి పోయేదేదైనా ఎవరికీ అక్కర్లేనన్నాళ్లే ఉచితం. మా వైపు సర్కారు తుమ్మదీ అదే కథ. బొగ్గు బట్టీల వాళ్లు వచ్చి కొట్టించుకుపోయారు. చెరువు శిఖాలు చదునయ్యాయి, గట్లు పోయి చెల్కలు కలిసిపోయాయి, రోడ్డు పక్క భూములు ప్లాట్లయ్యాయి. ఆముదాలు పోయి పత్తి వచ్చింది. పత్తి కట్టె పొగకు గొంతు మండుతుంది.

1999లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీపం పథకం తెచ్చినప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. అప్పటిదాకా గ్యాస్ పొయ్యి అంటే పట్నంలో ఉద్యోగస్తుల ఇళ్లలోదే. కనెక్షన్ కోసం పేరు రాయించుకుని ఏళ్ల తరబడి ఎదురుచూసేవాళ్లు, ఎంపీ కోటా కోసం సిఫారసులు పట్టుకునేవాళ్లు. అలాంటిది డ్వాక్రా సంఘంలో ఉన్న ఆడవాళ్లకు వాళ్ల పేరు మీదే కనెక్షన్ ఇస్తామన్నారు. డిపాజిట్ ప్రభుత్వం కడుతుంది, పొయ్యి మనం కొనుక్కోవాలి, గ్యాస్ ఖర్చు మనది. మా అమ్మ సంఘంలో వారం వారం పొదుపు కట్టేది, వేలిముద్ర నుంచి సంతకానికి వచ్చింది కూడా ఆ సంఘంలోనే. ఆమె సంతకం పెట్టిన మొదటి సర్కారు కాగితం ఆ గ్యాస్ కాగితమే. మండలాఫీసు దగ్గర సిలిండర్లు వరసగా పెట్టి పంచారు. అమ్మ, పక్కింటి అత్త ఒకే ఆటోలో రెండు సిలిండర్లు వేసుకుని వచ్చారు. ఆటో దిగేటప్పుడు ఇద్దరి ముఖాల్లో ఉన్న ఆ వెలుగు నేను పెళ్లిళ్లలో కూడా చూడలేదు.

సిలిండర్‌కు పసుపు రాసి బొట్టు పెట్టారు. నాయినమ్మ మాత్రం ఆ అర్రలోకి రావడానికే ఒప్పుకోలేదు. "గది పేల్తదంట, నేను బయటనే పండుకుంట" అని వారం రోజులు వాకిట్లోనే పడుకుంది. అమ్మకు కూడా మొదట్లో రెగ్యులేటర్ తిప్పాలంటే చేయి వణికేది. అయితే ఆ సిలిండర్ వాడింది చాలా తక్కువ. చుట్టాలొస్తే చాయ్, పండుగ పూట పాయసం, వాన పట్టిన రోజు అన్నం. ఆడకూలి అప్పట్లో రోజుకు పాతికో ముప్పయ్యో. గ్యాస్ నింపించాలంటే వారం కూలి ఒక్కసారిగా తీసి పెట్టాలి. కట్టెకు డబ్బులు అక్కర్లేదు, ఒంట్లో సత్తువ ఉంటే చాలు. డబ్బు ఒకేసారి తేవడం ఎంత కష్టమో నెల జీతం వచ్చేవాళ్లకు తెలియదు. మా ఊళ్లో చాలా దీపం సిలిండర్లు మంచం కింద దుమ్ము పట్టాయి. కొన్ని హోటళ్లకు పోయాయి.

మా ఇంట్లో గ్యాస్ నిజంగా రోజూ వెలగడం మొదలైంది నాయినమ్మ పోయిన తర్వాత, తమ్ముడు డ్రైవర్‌గా కుదురుకున్నాక. అమ్మకు మోకాళ్ల నొప్పులు వచ్చాయి, కంపకు పోలేని స్థితి. తమ్ముడు పొయ్యి గద్దె కట్టించాడు, నిలబడి వండుకోవడానికి. గోడలకు సున్నం వేస్తే తెల్లగానే ఉండడం మా ఇంట్లో అప్పుడే మొదలు. అమ్మ దగ్గు తగ్గింది. పొద్దున కూలికి పోయే ముందు రెండు గంటలు మిగిలేవి. ఆ రెండు గంటల్లో ఆమె రెండు గేదెలు సాకింది, పాలు అమ్మింది, ఆ డబ్బులతోనే నన్ను నల్లగొండలో బీఈడీ చదివించింది. గ్యాస్ అంటే నాకు అందుకే అంత గౌరవం.

2012 సెప్టెంబర్‌లో రాయితీ సిలిండర్లు ఏడాదికి ఆరే అని కేంద్రం చెప్పింది. అప్పుడు పెద్ద గొడవైంది. 2013 జనవరిలో తొమ్మిది చేశారు, 2014లో పన్నెండు. మా అమ్మకు ఆ గొడవ పట్టలేదు, ఆరు కూడా ఆమె వాడేది కాదు. తర్వాత రాయితీ బ్యాంకు ఖాతాలో వేయడం వచ్చింది. మొత్తం ధర ముందు కట్టాలి, రాయితీ వెనక నుంచి వస్తుంది. అది వచ్చినంతకాలం బాగానే ఉంది. 2020 మే నుంచి ఖాతాలో పడేది నలభై రూపాయల చిల్లరకు వచ్చేసింది. ఆ ఏడాది నవంబర్‌లో హైదరాబాద్‌లో 650 లోపు ఉన్న సిలిండర్, మెల్లమెల్లగా ఎక్కి 2023 మార్చికి 1,155 రూపాయలైంది. మధ్యలో 2022లో రష్యా, ఉక్రెయిన్ యుద్ధం. మా ఊరికి బండి మీద తెచ్చి ఇచ్చే అబ్బాయికి ముప్పయ్యో నలభయ్యో అదనం. ఇవ్వనంటే తర్వాత సిలిండర్ మనకు ఆలస్యం.

2022లో ఉజ్వల కనెక్షన్ ఉన్నవాళ్లకు సిలిండర్‌కు 200 రాయితీ ఇస్తామని కేంద్రం ప్రకటించింది. పేద ఇళ్ల ఆడవాళ్లకు గ్యాస్ కనెక్షన్లిచ్చే ఆ కేంద్ర పథకం మొదలైంది 2016లో. దానికి ముందే దీపం కింద కనెక్షన్ తీసుకున్న మా అమ్మకు అది వర్తించదు. అమ్మ, అత్త ఇద్దరూ కూలీలే, ఇద్దరికీ రేషన్ కార్డే. పదిహేడేళ్లు ముందు సంతకం పెట్టినందుకు ఇద్దరికీ రాలేదు. ఈ విషయం ఆ రోజుల్లో ఎవరైనా గట్టిగా అడుగుతారేమోనని నేను ఎదురుచూశాను.

ఆ ఏడాదుల్లో మా ఇంట్లో ఏం జరిగిందో నాకు ఒక క్యాలెండర్ చెప్పింది. అమ్మ కొత్త సిలిండర్ పెట్టిన రోజు క్యాలెండర్‌లో ఆ తారీఖు మీద కుంకుమతో చిన్న బొట్టు పెడుతుంది. ఎన్ని రోజులు వచ్చిందో చూసుకోవడానికి. ఎరువుల దుకాణం వాళ్లిచ్చే క్యాలెండర్ అది. పాతవి పారేయదు, అదే మేకుకు కొత్తది తగిలిస్తుంది. 2023 ఎండాకాలం సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు గోడలకు సున్నం వేయడానికి ఆ క్యాలెండర్లన్నీ దించాను. 2019లో దాదాపు రెండు నెలలకొక బొట్టు ఉంది. 2021లో మూడు నెలలకొకటి. 2022 మొత్తం మీద మూడే మూడు. చివరి బొట్టు కార్తీక మాసంలో ఉంది.

"నాలుగు నెలలొచ్చింది బిడ్డా ఒక్క సిలిండర్. పొదుపుగ వాడితే అట్లనే వస్తది" అంది అమ్మ. ఆమె గొంతులో గెలిచినట్టు ఉంది. నేను దొడ్డిలోకి పోయి చూశాను. గోడ పక్కన మూడు రాళ్ల పొయ్యి, దాని మీద మసి పట్టిన సర్వ, పక్కన పత్తి కట్టె మోపులు. గోడ నల్లబడింది. స్నానాలకు నీళ్లు, అన్నం, పప్పు అన్నీ అక్కడే. లోపల గ్యాస్ మీద చాయ్, కూర తాలింపు మాత్రమే. అరిగిన మోకాళ్లతో ఆ మూడు రాళ్ల ముందు కూర్చుని లేవడానికి ఆమె పక్కనే ఒక గుంజ పాతుకుంది, పట్టుకుని లేవడానికి. ఆ గుంజ పై భాగం చేయి తగిలీ తగిలీ నున్నగా అయింది. అది చూసి నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. పొదుపు అనేది ఒక మనిషి ఒంట్లోంచి తీసేది కూడా కావచ్చు.

చలికాలంలో ఇది ఇంకా కష్టం. డిసెంబర్, జనవరిలో మా వైపు తెల్లవారుజామున చలి కొరుకుతుంది. చల్లనీళ్లు పోసుకుంటే అమ్మకు కీళ్లు పట్టేస్తాయి. వేడినీళ్లకు గ్యాస్ వాడాలంటే ఆమెకు ప్రాణం ఒప్పదు. "నీళ్లకు గ్యాసు పెడ్తరా ఎవరన్న" అంటుంది. హీటర్ కొనిచ్చాను. కరెంటు బిల్లు భయం ఒకటి, షాక్ కొడుతుందన్న భయం ఇంకొకటి. కాబట్టి ఆ చలిలోనే లేచి నీళ్ల పొయ్యి అంటిస్తుంది.

2023 ఆగస్టు చివర్లో కేంద్రం 200 తగ్గించింది. 2024 మార్చిలో మహిళా దినోత్సవం రోజున ఇంకో వంద. 2025 ఏప్రిల్‌లో మళ్లీ యాభై పెరిగి హైదరాబాద్‌లో 905 అయింది. "కూలి కూడా పెరిగింది కదా, వారం కూలి పోయి మూడు రోజుల కూలికి సిలిండర్ వస్తోంది" అని మా స్కూల్లో ఒక సార్ అన్నారు. లెక్క తప్పేమీ కాదు. 2025-26లో తెలంగాణలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. కానీ ఆ కూలి రోజూ ఉండదు, కొలతలు తక్కువొస్తే పూర్తిగానూ రాదు. పైగా అప్పుడు జొన్నలు, కందులు, కూరగాయలు ఇంట్లోవే. ఇప్పుడు నూనె, పప్పు, పాలు, మాత్రలు అన్నీ కొనేవే. మూడు రోజుల కూలి సిలిండర్‌కు పెట్టాలంటే అందులో దేన్నో ఆపాలి. పల్లెలో ఆగేది ముందు ఆడమనిషి సుఖమే.

పట్నంలో కూడా తేడా లేదు. నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర మేము తినే టిఫిన్ బండి ఆమె వాడేది పందొమ్మిది కిలోల కమర్షియల్ సిలిండర్. దాని ధర సాధారణంగా ప్రతి నెలా ఒకటో తారీఖున మారుతుంది. ధర పెరిగిన నెల ఆమె ప్లేటు మీద ఐదు పెంచలేదు, పెంచితే గిరాకీ పోతుందని. సాయంత్రం పునుగులు కూడా వేయడం మొదలుపెట్టింది, ఇంకో నాలుగు గంటలు నిలబడి.

2024 ఫిబ్రవరి 27న తెలంగాణ ప్రభుత్వం మహాలక్ష్మి పథకం కింద 500 రూపాయల సిలిండర్ మొదలుపెట్టింది. మంచి పథకం, ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను. మా అమ్మకు, అత్తకు దీపం తర్వాత దక్కిన మొదటి ఊరట అది. కానీ అందులో ఒక మెలిక ఉంది. ఏడాదికి ఎన్ని సిలిండర్లకు రాయితీ ఇవ్వాలో, అంతకు ముందు మూడేళ్లలో వాడినదాని సగటును బట్టి లెక్కగట్టారు. ఆ మూడేళ్లు ఏవి? ధర ఆకాశానికి పోయిన ఏళ్లు. మా అమ్మ క్యాలెండర్‌లో బొట్లు తగ్గిన ఏళ్లు. పొగలో కూర్చుని మిగిల్చిన సిలిండర్లను ఆమె అవసరం లేనివిగా లెక్కలోకి తీసుకున్నారు. నెలకొకటి ఇబ్బంది లేకుండా వాడుకున్న ఇంటికి ఎక్కువ, భయపడి ఆపుకున్న ఇంటికి తక్కువ. ఈ లెక్క వేసినవాళ్లు ఒక్క దొడ్డిలోకి తొంగిచూసినా ఇట్లా వేసేవాళ్లు కాదు. తక్కువ వాడిన ఇళ్లకే కనీసం ఆరు ఇవ్వాలి అంటాను నేను. దీపం వాళ్లకూ, ఉజ్వల వాళ్లకూ తేడా చూపకూడదు.

ఇంకొక చిక్కు, ముందు మొత్తం కట్టాల్సి రావడం. మా పక్కింటి అత్త ఆ రోజుల్లో కొడవలి పట్టుకుని మాతో వచ్చినామె. ఇప్పుడు ఒక్కతే ఉంటుంది, కొడుకు ఎల్బీనగర్‌లో. పోయిన దసరాకు ఇంటికి పోతే నన్ను పట్టుకుని అడిగింది. "బిడ్డా, ఐదొందలకిస్తమన్నరు. నేను నిండ పైసలు కట్టినా, ఒక్క రూపాయి రాలే. నాకెందుకు రావో జర చూడు." ఆమె పాస్‌బుక్ చూస్తే నిజంగానే ఏమీ పడలేదు. రాయితీ రాదేమోనన్న అనుమానం వచ్చి ఆమె సిలిండర్ తీసుకోవడమే మానేసింది. గ్యాస్ పొయ్యి మీద గుడ్డ కప్పి, దాని మీద ఉల్లిగడ్డల గంప పెట్టింది.

మర్నాడు ఇద్దరం దేవరకొండ పోయాం. ఆధార్‌కు చివరగా ఏ ఖాతా లింకయి ఉంటే ఇలాంటి డబ్బులు అందులోకే పోతాయి, మనం చూసుకునే ఖాతాలోకి రావాలని లేదు. బ్యాంకు వాళ్ల కస్టమర్ సర్వీస్ పాయింట్‌లో వేలు పెట్టి చూస్తే, ఎప్పుడో ఉపాధి హామీ కూలి కోసం తీయించిన పాత ఖాతా బయటపడింది. ఆ ఖాతా ఉన్న సంగతే ఆమె మరిచిపోయింది. గ్యాస్ డబ్బులన్నీ అందులోనే ఉన్నాయి. అక్కడి అబ్బాయి మొత్తం చదివి చెబితే అత్త రెండోసారి చదవమంది.

"నీ పైసలే అత్తా, ఎప్పటికప్పుడు పడ్డయి" అన్నాను.

"పడ్డయని నాకెవరు చెప్పిండ్రు? ఏడాదిబట్టి కంప ఏరుకొస్తున్న. ఇచ్చేదేదో ముందే తగ్గించి ఐదొందలే తీసుకుంటే ఏం పోతది వాళ్లది?" అంది.

ఆ డబ్బులు ఆమె చేతికి తీసుకోలేదు. ఖాతాలోనే ఉండనీ, సిలిండర్లకు పనికొస్తాయంది. గ్యాస్ నంబరు కొడుకు ఫోన్‌కు ముడిపడి ఉంది, అక్కడి నుంచే వాడికి ఫోన్ చేశాం. "అరేయ్, ఇప్పుడే బుక్ చెయ్. పండుగకు రొట్టెలు లోపలనే చేస్త" అని గట్టిగా చెప్పింది. రెండో రోజు బండి వచ్చింది, పక్క వీధి ఆడవాళ్లు పాస్‌బుక్కులు పట్టుకుని మా ఇంటికి వచ్చారు.